ఫిబ్రవరి 21న మా క్యాంపస్‌లో ఏయే భాషలు వినపడాలి?

తంగేడుపువ్వు (భాషాశాస్త్రం ఎం.ఏ., హైదరాబాద్)

అందరికీ నమస్తే. ఈసారి మాతృభాషా దినోత్సవం కాస్త పెద్దగా చేయాలని మా డిపార్ట్‌మెంట్‌లో నాతో పాటు ఇంకో ముగ్గురికి బాధ్యత అప్పజెప్పారు. ఫిబ్రవరి 21, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా. ఆడిటోరియం ఇచ్చారు, ముప్పై వేలు ఇస్తామన్నారు.

ఆ తేదీ సంగతి తెలియనివాళ్ల కోసం: 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో, బంగ్లాను కూడా పాకిస్తాన్ రాజ్యభాషగా గుర్తించాలని రోడ్డెక్కిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఢాకా యూనివర్సిటీ ఆవరణలో మొదలైన ఊరేగింపు అది. 1999లో యునెస్కో ఆ రోజును అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. అందుకే ఇది మన క్యాంపస్ పిల్లలు చేసుకోవలసిన రోజని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మేం అనుకున్నది ఇదీ: రాష్ట్రానికో స్టాల్, రాష్ట్రానికో డాన్సు, వేషధారణ పోటీ, చివర్లో భోజనాలు. పోయినేడు కూడా దాదాపు ఇలాగే చేశారు. మావాళ్లే ఆడారు, మావాళ్లే చప్పట్లు కొట్టారు. బయటి రాష్ట్రాల పిల్లలు ఓ పదిమంది వెనక వరసలో కూర్చుని ఫోన్లు చూసుకుని, భోజనాలు కాకముందే వెళ్లిపోయారు. వాళ్ల కోసమే చేసిన పండుగలో వాళ్లు చుట్టాల్లా కూర్చోవడం నాకు నచ్చలేదు. ఏం మార్చాలో చెప్పండి.

ఉట్నూరు దారి (పరిశోధక విద్యార్థి, ఆదిలాబాద్)

చెల్లీ, ముందు ఆ "రాష్ట్రానికో స్టాల్" తీసెయ్. నేను గోండును. మీ లెక్కలో నా స్టాల్ ఏది? తెలంగాణ స్టాల్‌లో బతుకమ్మ ఉంటది, బోనం ఉంటది, హైదరాబాద్ బిర్యానీ ఉంటది. అవి నాకూ ఇష్టమే. కానీ మా ఇంట్ల మాట్లాడేది గోండి. అది తెలంగాణల ఉంది, మహారాష్ట్రల ఉంది, మధ్యప్రదేశ్‌ల, ఛత్తీస్‌గఢ్‌ల కూడా ఉంది. నాలుగు స్టాళ్లకూ చెందిన భాష, ఏ స్టాల్‌లోనూ కనపడదు. కొలాములది అదే కథ. లంబాడీ పిల్లలదీ అంతే.

మా గోండిల నీళ్లను "ఏర్" అంటరు. మీరు తెలుగుల ఏరు అంటరు గదా, అది పారే నీరు. రెండూ ద్రావిడ భాషలే, దగ్గరి చుట్టాలే. ఈ ఒక్క మాట చెప్పి చూడు, హాల్‌ల కూసున్న తెలుగు పిల్లలందరు తల ఎత్తుతరు.

ఇంకోటి. ఉట్నూరుకు దగ్గర్లో గుంజాల అని ఒక ఊరుంది. ఆ ఊళ్లె గోండి రాతప్రతులు దొరికినయ్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు వాటి మీద పని చేసిన్రు, ఊరి పెద్దమనుషులతోని కూసొని ఆ లిపిని చదివించుకున్నరు. 2018ల గుంజాల గోండి లిపి యూనికోడ్‌లకు వచ్చింది, అంటే కంప్యూటర్ల అక్షరాల పట్టికల చేరింది. యూనివర్సిటీ అంటే గిట్ల ఉండాలె అని నేను నమ్ముతా. వేషం వేసి ఫొటో తీసుడు కాదు, ఊరి మనిషిని పక్కన కూసోబెట్టుకొని ఆయన చెప్పింది రాసుకునుడు.

చెరువుకట్ట (ఇంజనీరింగ్, వరంగల్)

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. మొదటి సెమిస్టర్‌లో ఒక సార్ ఏదో అడిగితే జవాబు తెలిసి కూడా లేవలేదు. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక. అలా రెండేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను. నాకప్పుడు కావలసింది డాన్సు కాదు. నా పక్కన కూర్చుని "నువ్వు తెలుగులో చెప్పు, నేను ఇంగ్లీషులో పెడతాను" అనే మనిషి.

ముప్పై వేలు ఒక్క సాయంత్రానికి ఖర్చు పెట్టే బదులు, మొదటి ఏడాది పిల్లలకు అలాంటి తోడు ఏర్పాటు చేస్తే మేలని నా అభిప్రాయం. పైగా ఎవరి భాష వాళ్లు పట్టుకుని కూర్చుంటే గుంపులు పెరుగుతాయేమోనని భయం కూడా ఉంది. మా హాస్టల్‌లో ఇప్పటికే ఏ జిల్లా వాళ్లు ఆ జిల్లా బల్లే.

వంశధార (తెలుగు పీహెచ్‌డీ, శ్రీకాకుళం)

చెరువుకట్ట గారూ, మీ బాధ నాకు బాగా తెలుసు. మీది ఇంగ్లీషు దగ్గర, నాది తెలుగు దగ్గరే. నేను చేరిన కొత్తలో "ఒలే, ఎక్కడికెల్తన్నావే" అని ఫ్రెండ్‌ని పిలిస్తే కారిడార్ అంతా నవ్వింది. ఆ తర్వాత నెల రోజులు నేను మా అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే టెర్రస్ మీదికి వెళ్లేదాన్ని. తెలుగు చదవడానికి వచ్చి తెలుగు మాట్లాడ్డానికి సిగ్గుపడ్డాను. నవ్వినవాళ్లు చెడ్డవాళ్లు కారు, ఇప్పుడు నా ప్రాణ స్నేహితులు. కానీ ఆ నెల రోజులు నావి, అవి తిరిగి రావు.

కాబట్టి బయటి రాష్ట్రాల సంగతి తర్వాత, తెలుగులోనే ఎన్ని తెలుగులున్నాయో ముందు ఆ హాల్లో వినిపించాలి. ఉత్తరాంధ్ర, రాయలసీమ, గోదావరి, తెలంగాణ, హోసూరు, బళ్లారి, బరంపురం. ఒకే వాక్యం ఇచ్చి అందరితో చెప్పించండి.

ఇక్కడ మా గిడుగు వారిని తలచుకోకుండా ఉండలేను. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, వ్యావహారిక భాష కోసం పోరాడారని ప్రసంగాలు చెబుతాం. కానీ ఆ పోరాటానికి ముందు ఆయన చేసిన పని ఎంతమంది చెబుతున్నారు? పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. సవరకు తెలుగుతో చుట్టరికం లేదు, అది ముండా అనే వేరే భాషా కుటుంబం. అయినా పట్టుబట్టి నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పే ప్రయత్నం చేశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. పక్కవాడి నోటి మాటకు అంత విలువ ఇచ్చిన మనిషికి తన జనం మాట్లాడే తెలుగు తక్కువగా కనిపించలేదు. ఈ రెండూ ఒకే గుణమని నాకనిపిస్తుంది.

ఎర్రమట్టి (ఎం.ఎస్సీ., అనంతపురం)

నా రూమ్మేట్ మణిపూర్ అమ్మాయి. పేరు చెప్పను. చేరిన వారానికి తను ఇంటి నుంచి తెచ్చుకున్న ఙారి డబ్బా తెరిచింది. పులియబెట్టిన చేప. ఫ్లోరంతా వాసన. పక్క గదుల వాళ్లు కంప్లయింట్ ఇచ్చారు, వార్డెన్ మేడమ్ వచ్చారు, డబ్బా బయట పెట్టించారు. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. రెండు రోజులు మెస్‌లో అన్నం, పెరుగు తిని ఊరుకుంది.

నాకు అప్పుడు తట్టలేదు. సంక్రాంతికి ఇంటికెళ్తే మా అత్త ఎండుచేపలు వేయించింది, అప్పుడు తట్టింది. ఆ వాసన మనకు ఆకలి పుట్టిస్తుంది, పక్కింటివాళ్లు ముక్కు మూసుకుంటారు. మన ఎండు రొయ్యలూ అంతే. తిరిగి వచ్చాక తనతో చెప్పాను. తను నవ్వి, మా అత్త ఇచ్చిన ఎండుచేపలతో ఎరోంబా చేసి పెట్టింది. ఉడికించిన కూరగాయలు, మిరపకాయలు, చేప కలిపి నూరే వంటకం. మన రోటి పచ్చడికి దగ్గరగా ఉంది.

ఇది మా హాస్టల్ ఒక్కదాని సంగతి కాదు. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల కోసం వేసిన జాగ్రత్తల పుస్తకంలో వెదురు కొమ్ములు, అఖునీ (పులియబెట్టిన సోయా గింజలు) లాంటివి వండేటప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది రానీయకూడదని రాశారు. దాని మీద చాలా గొడవైంది. మన పాడేరు, అరకు వైపు కూడా వెదురు కొమ్ములు ఇష్టంగా వండుకుంటారు కదా.

తంగేడుపువ్వూ, నీకు ఒక ముఖ్యమైన సంగతి. మణిపూర్ స్టాల్ అని బోర్డు పెట్టకు. 2023 మే తర్వాత అక్కడ మైతేయి, కుకీ జాతుల మధ్య జరిగిన హింస గురించి చదివే ఉంటావు. రెండు వైపుల పిల్లలూ మన క్యాంపస్‌లో ఉన్నారు. ఆ నెలల్లో అక్కడ ఇంటర్నెట్ ఆపేశారు, నా రూమ్మేట్ రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని కూర్చునేది. పరీక్షలు కూడా అప్పుడే. మెస్‌లో వడ్డించే పెద్దమ్మకు హిందీ రాదు, ఈ అమ్మాయికి తెలుగు రాదు. అయినా రోజూ "అమ్మ? నాన్న? ఫోన్?" అని మూడే మూడు మాటలతో అడిగేది. తను తల ఊపేదాకా కంచంలో అన్నం పెట్టేది కాదు. మా యూనివర్సిటీలో నేను చూసిన మంచి పనుల్లో అది మొదటిది.

పాతబస్తీ (ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడతా)

నా మాతృభాష ఉర్దూ. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, అంటే మా హైదరాబాద్ వైపు ఉర్దూ. తెలుగు స్కూల్లో నేర్చుకున్నా, ఇష్టంగా నేర్చుకున్నా. అయినా ప్రతి కొత్త క్లాసులో "నీకు తెలుగు వచ్చా!" అని ఆశ్చర్యపోయేవాళ్లు ఒకరైనా ఉంటారు. మా తాతల తాతలు ఇక్కడే పుట్టారు భాయ్. మెచ్చుకోలుగానే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ ఆశ్చర్యం నన్ను ప్రతిసారీ గుమ్మం బయట నిలబెడుతుంది.

దక్కనీలో తెలుగు ఎంత కలిసిపోయిందో, హైదరాబాద్ తెలుగులో ఉర్దూ ఎంత కలిసిపోయిందో ఒక పావుగంట చెప్పనిస్తారా? బజార్, దుకాణం, జవాబు, కాగితం, ఖర్చు, దస్తావేజు. ఉర్దూ అంటే ముషాయిరా (కవి సమ్మేళనం) ఒక్కటే పెట్టి పంపించేయకండి.

పాత హాస్టల్ గది (రిటైర్డ్ లెక్చరర్)

పిల్లలూ, చాలా సంతోషంగా చదువుతున్నాను. కొంచెం పాత సంగతి చెప్తాను, ఓపిక పట్టండి.

ఉస్మానియా 1917లో వచ్చిన నిజాం ఫర్మానాతో ఏర్పడింది. బోధన ఉర్దూలో. ఆనాటికి దేశంలో యూనివర్సిటీ చదువంటే ఇంగ్లీషే. అలాంటి రోజుల్లో వైద్యం, లెక్కలు, చరిత్ర అన్నీ ఒక భారతీయ భాషలో చెప్పాలని అనువాద శాఖను పెట్టి పుస్తకాలు తయారు చేయించారు. ఉర్దూ ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి అది ఎంత గర్వమో ఊహించండి. కానీ ఆ సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, ఆపైన మరాఠీ, కన్నడం. వాళ్లకు అదీ పరాయి భాషలో చదువే. ఒక భాషకు గుడి కట్టినప్పుడు పక్క భాషవాడు ఎక్కడ నిలబడ్డాడో చూడాలి. ఈ రెండూ నిజమే, ఒకదాని కోసం రెండోదాన్ని దాచనక్కర్లేదు.

1938లో అక్కడి హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థులను బయటికి పంపేశారు. నాగపూర్ యూనివర్సిటీ వాళ్లను చేర్చుకుంది. అలా వెళ్లినవాళ్లలో పి.వి. నరసింహారావు గారు ఒకరు. మరాఠీ నేల మీద తెలుగు పిల్లలు చదువు పూర్తి చేసుకున్నారు. ఏ పిల్లవాడు ఎక్కడ పరాయివాడవుతాడో, ఎక్కడ ఆదరణ దొరుకుతుందో ముందు తెలియదమ్మా. అందుకే మన దగ్గరికి వచ్చినవాళ్ల విషయంలో నేను ఎప్పుడూ కాస్త ఎక్కువ జాగ్రత్త పడేవాణ్ని.

చెరువుకట్ట బాబూ, నీ తోడు ఆలోచన చాలా మంచిది. దాన్ని వదిలిపెట్టకు. ఈ సాయంత్రంతో పోటీ పెట్టకుండా, దీన్నుంచే మొదలుపెట్టు.

రెండు చేతులు (బీఈడీ, విజయవాడ)

నేను పుట్టుకతో బధిరురాలిని. తెలుగు చదువుతాను, రాస్తాను. నేను "మాట్లాడేది" సంకేత భాష.

మాతృభాష అనగానే అందరూ "వినపడాలి" అంటున్నారు. తంగేడుపువ్వు గారి శీర్షికలోనే ఉంది. తప్పు పట్టడం లేదు అక్కా, కానీ నా భాష వినపడదు, కనపడుతుంది. మా అమ్మకు సంకేత భాష రాదు, కాబట్టి నాది అమ్మ నేర్పిన భాష కూడా కాదు. స్కూల్లో నాలాంటి పిల్లల దగ్గర నేర్చుకున్నాను. మొదటిసారి మనసులో ఉన్నది పూర్తిగా చెప్పగలిగింది అందులోనే. అదే నా మాతృభాష.

2015లో ఢిల్లీలో భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది. 2018లో మూడు వేల సంకేతాలతో నిఘంటువు విడుదల చేశారు, తర్వాత అది పది వేలు దాటింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత చదువుల్లో అయిదు శాతం సీట్లు కేటాయించమంది. సీటు వచ్చింది. క్లాసులో ఏం చెబుతున్నారో తెలిసే దారి మాత్రం చాలాచోట్ల ఇంకా లేదు.

మీ కార్యక్రమానికి నాలుగు పనులు చేయండి, ఖర్చు తక్కువే. సంకేత భాష అనువాదకుణ్ని పిలవండి, మూడు గంటలకు ఇద్దరుంటే మంచిది, ఒక్కరి చేతులు అలసిపోతాయి. ఆ మనిషి వేదిక మీద పక్కకు కాదు, మాట్లాడేవాళ్ల దగ్గరే నిలబడాలి. డాన్సు కోసం లైట్లు ఆర్పినా అనువాదకుడి మీద ఒక లైటు ఉంచండి, చీకట్లో నాకు భాషే ఉండదు. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించడం మా పద్ధతి, హాల్లో అందరికీ నేర్పించండి. అది చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

తంగేడుపువ్వు

చదువుతుంటే ఏడుపొచ్చింది. శీర్షిక సంగతి నిజమే. మార్చడం కుదరడం లేదు, పోస్టర్ మీద మాత్రం "వినపడాలి, కనపడాలి" అని వేయిస్తాను.

వేషధారణ పోటీ తీసేద్దామని మా నలుగురిలో ముగ్గురం ఒప్పుకున్నాం. నాలుగో అబ్బాయి గోండుల గుస్సాడి డాన్సు పెడితే జనం బాగా వస్తారంటున్నాడు. ఉట్నూరు అన్నా, నువ్వేమంటావ్?

ఉట్నూరు దారి

ఇది మాలో మాకే చర్చ ఉన్న విషయం, ఒక్కడినే తీర్పు చెప్పలేను. గుస్సాడి ఆడే మా దండారి పండుగ దీపావళి దినాలల్ల వస్తది. గుస్సాడి వేసేటాయన దీక్షల ఉంటడు. నెమలి ఈకల టోపీ మాకు దేవునితో సమానం, దానికి పూజ చేసి పెట్టుకుంటరు. ఫిబ్రవరిల, ఆడిటోరియంల, అట్టతో టోపీ చేసి ఎవరో పిల్లగాడు ఎగిరితే మా నాయిన చూసి బాధ పడతడు.

కానీ మార్లవాయి కనకరాజు తాత ఢిల్లీ దాకా పోయి రిపబ్లిక్ డే వేడుకల్ల ఆడిండు, ఎంతోమంది పిల్లలకు నేర్పిండు. 2021ల పద్మశ్రీ వచ్చింది. 2024ల పోయిండు. ఆయన మా ఊళ్లకు దూరమైండని ఎవ్వరం అనలే. ఆయన గుస్సాడి ఆయన చేతుల ఉండె, ఎక్కడ ఆడాలె, ఎట్ల ఆడాలె ఆయనే చెప్పిండు. నేను చెప్పేది గదే. ఆడేటోళ్లను అడుగు. ఒప్పుకుంటే వాళ్లు చెప్పినట్టు చెయ్. ఒద్దంటే ఊకో. జనం వస్తరని పెట్టకు.

పొద్దుతిరుగుడు (ఎం.ఎస్., టెక్సస్)

దూరం నుంచి ఒక మాట. ఇక్కడ మేం తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం, అందులో ముగ్గురం తెలుగు, ఒకడు అస్సాం అబ్బాయి. ఇంట్లో మేం ముగ్గురం ఎప్పుడూ తెలుగే. ఏడాది తర్వాత అతను వేరే గదికి మారిపోయాడు. ఎందుకని అడిగితే "మీరు మంచివాళ్లే, కానీ రాత్రి భోజనం దగ్గర నేను ఒక్కణ్నే తింటున్నట్టుండేది" అన్నాడు.

క్లాసులో మేం తక్కువమంది, మా యాస ఎవరికైనా అర్థం కాకపోతే నొచ్చుకుంటాం. ఇంట్లో మేం ఎక్కువమంది, అక్కడ మేం ఏం చేస్తున్నామో కనిపించలేదు. చెరువుకట్ట గారు చెప్పిన గుంపుల భయం నిజమే. అయితే తెలుగు మాట్లాడ్డం వల్ల అలా కాలేదు, అతను బల్ల దగ్గర ఉన్నాడని గుర్తుపెట్టుకోకపోవడం వల్ల అయింది. అస్సాంవాళ్ల పండుగ బిహూకు అతనికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఇప్పుడు ఆదివారాలు కలుస్తున్నాం.

చెరువుకట్ట

ఒప్పుకుంటాను. నేను కూడా ఒక పని నెత్తికెత్తుకుంటాను. ఆ రోజు గుమ్మం దగ్గర ఒక బల్ల వేయండి. మొదటి ఏడాది పిల్లల్లో ఎవరికి ఏ భాషలో తోడు కావాలో, పెద్ద క్లాసుల వాళ్లలో ఎవరు ఏ భాషలో సాయం చేయగలరో రాయించుకుంటాను. పేర్లు గోడకు అంటించను, విడివిడిగా కలుపుతాను. సాయం అడగడానికి సిగ్గుపడేవాళ్ల సంగతి నాకు తెలుసు.

ఎర్రమట్టి

నాదొక చిన్న ఆలోచన. మెస్ బోర్డు మీద మెనూ ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాస్తారు. వారానికో రోజు ఎవరో ఒకరు వాళ్ల భాషలో, వాళ్ల లిపిలో రాస్తే? నా రూమ్మేట్ వాళ్ల లిపి మైతేయి మయెక్‌లో రాస్తానంది. పైసా ఖర్చు లేదు, 21 తర్వాత కూడా ఆగిపోదు.

తంగేడుపువ్వు (ఫిబ్రవరి 23)

అయిపోయింది. నిన్నంతా నిద్రపోయాను, అందుకే ఆలస్యం.

స్టాళ్లు పెట్టలేదు. నేల మీద జంపఖానాలు పరిచి భాషకో జంపఖానా అన్నాం. పంతొమ్మిది భాషలు వచ్చాయి. మైతేయి, కుకీ పిల్లలను విడివిడిగా అడిగాం. ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చెప్పారు, అలాగే చేశాం. గుస్సాడి పెట్టలేదు. ఉట్నూరు అన్న వచ్చి గుంజాల లిపిలో అందరి పేర్లు రాసిచ్చాడు, ఆయన ముందు వరస గంటన్నర తగ్గలేదు. "ఏర్" అన్నప్పుడు హాలు నిజంగానే తల ఎత్తింది.

పాతబస్తీ గారి పావుగంట నలభై నిమిషాలైంది, ఎవరూ లేవలేదు. వంశధార అక్క "ఒలే" అని మొదలుపెట్టగానే వెనకనుంచి ఒక మొదటి ఏడాది అమ్మాయి "ఒలప్పా, మాది నరసన్నపేట" అని అరిచింది. వాళ్లిద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఒక తప్పు జరిగింది. అనువాదకుల్లో ఒకరే రాగలిగారు. రెండో గంటకు ఆవిడ చేతులు నొప్పి పుట్టాయి, ఇరవై నిమిషాలు ఆపాల్సి వచ్చింది. ఆ ఇరవై నిమిషాలు విజయవాడ నుంచి వచ్చిన చెల్లెలు వేదిక ఎక్కి హాలందరికీ పది సంకేతాలు నేర్పింది. బాగానే గడిచింది, కానీ అది ఆమె పని కాదు. వచ్చే ఏడాది ఇద్దరికీ ముందే డబ్బు కట్టి ఖాయం చేస్తాం.

చెరువుకట్ట బల్ల దగ్గర ముప్పై ఒక్కరు రాయించుకున్నారు. మా డిపార్ట్‌మెంట్ జూనియర్ ఒకడు మొన్నటిదాకా నాతో మాట్లాడ్డమే లేదు. ఈ రోజు వచ్చి తన సినాప్సిస్ తెలుగులో చెప్పాడు, ఇద్దరం కలిసి ఇంగ్లీషులో రాశాం.

మెస్ బోర్డు ఈ ఉదయం మైతేయి మయెక్‌లో ఉంది. వడ్డించే పెద్దమ్మ చదవమంటే ఎర్రమట్టి రూమ్మేట్ వేలు పెట్టి ఒక్కో అక్షరం చూపించింది. మధ్యాహ్నం లైను గేటు దాకా వచ్చింది, ఎవరూ తిట్టలేదు.

వచ్చే సోమవారం సవర. సీతంపేట నుంచి వచ్చిన ఎం.ఎస్‌డబ్ల్యూ. అబ్బాయి రాస్తానన్నాడు. అన్నం, చారు వాళ్ల భాషలో ఉన్నాయట, "పప్పుచారు"కు ఏమనాలో ఇంటికి ఫోన్ చేసి అడుగుతానన్నాడు. ఆ తర్వాతి సోమవారం బోర్డు ఖాళీగా ఉంది. ఎవరైనా ఉంటే ఆదివారం రాత్రిలోపు చెప్పండి, సుద్దముక్కలు నా దగ్గరున్నాయి.